రెండో సాక్ష్యం

రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే గోదావరిని చూసి వీధిలోవాళ్ళు గ్రూప్స్‌కు చదువుతున్నదనుకునేవారు. ముప్పై రెండేళ్ళు దాటినా ఉద్యోగం రాలేదంటే పాపం బుర్ర అంతంత మాత్రమేమో అని జాలిపడేవారు కూడా. ఆమె ఎవరి మాటా కాదనలేదు. కాదంటే అసలు సంగతి చెప్పాలి. పొద్దున్నే లేచి టీ తాగి, నిన్న ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎంతమంది చచ్చారో చదివి, గళ్ళలో అంకెలు వేస్తానని ఏ ఇంటి గడపలో నిలబడి చెప్పుకుంటుంది?

పని మాత్రం అదే. శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాక ఆ దేశంలో హింస నిజంగా తగ్గుతుందా అన్నది హైదరాబాదులో ఆమె చేస్తున్న పీహెచ్‌డీ అంశం. దానికోసమని మొదలుపెట్టి, ఎక్కడో మంచు కురిసే దేశంలో ఉన్న ఒక పరిశోధన సంస్థకు, యుద్ధవార్తలను అంకెలుగా మార్చే కోడర్‌గా కుదిరింది. లోకంలోని యుద్ధాలన్నిటినీ ఆ సంస్థ ఒక పెద్ద పట్టికగా రాస్తుంది. పత్రికలవాళ్ళు, ప్రభుత్వాలవాళ్ళు, కంపెనీలవాళ్ళు అందరూ ఆ పట్టికనే చూస్తారు. ఒక్కో దాడికి ఒక్కో వరుస. తేదీ, చోటు, ఎవరు ఎవరి మీద; ఆ తర్వాత చావులకు మూడు గళ్ళు. తక్కువలో తక్కువ ఎందరు, ఎక్కువలో ఎక్కువ ఎందరు, నమ్మదగిన అంకె ఎంత. దేశాలకు పేర్లుండవు, నంబర్లే. నియమాల పుస్తకం నూట నలభై పేజీలు. అందులో గోదావరిని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేది ఒకటుంది: ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు దొరికేదాకా చావును చావుగా లెక్కవేయరాదు.

మొదటి ఏడాది ఆ వార్తలు చదివిన రోజు ఆమెకు అన్నం సయించేది కాదు. రెండో ఏడాదికి సయించింది. మూడో ఏడాదికి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింటూనే అంకెలు వేసేది. పప్పు మెతుకు కీబోర్డు సందులో పడితే దానికి మాత్రం విసుక్కునేది.

మెదక్‌లో రాందాస్ చౌరస్తా దగ్గర మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు. ఆమెతో ఉండేది వదిన ఆశా. ఆశా ఆర్టీసీలో కండక్టరు. మెదక్ నుంచి రామాయంపేటకు, అక్కడినుంచి వెనక్కి, రోజుకు ఎన్ని ట్రిప్పులైతే అన్ని. తలలు లెక్కపెట్టడంలో డిపో మొత్తంలో ఆమెకు పేరు. స్టేజీ దాటగానే డ్రైవరు వెనక సీటు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో సీటు కమ్మీ మీద చెయ్యి ఆనిస్తూ, పైకే లెక్కపెడుతూ వెనకదాకా పోతుంది. మిషన్‌లో కొట్టిన టికెట్లూ బస్సులో ఉన్న తలలూ ఒక్కటి కావాలి. ఆడవాళ్ళకు ఇప్పుడు ప్రయాణం ఉచితం కాబట్టి వాళ్ళకు జీరో టికెట్ కొట్టి చేతిలో పెడుతుంది. ఎవరైనా "ఉత్తదే గదా, గా కాయితం ఎందుకు" అంటే ఆశాకు కోపం వస్తుంది. "పైసలు లేకుంటే మనిషి లేనట్టానమ్మా? పట్టుకో" అంటుంది. ఆరేళ్ళ సర్వీసులో ఆమె లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. డ్రైవర్లు పందెం కాసి మధ్యలో మాటల్లో పెట్టినా తప్పలేదు.

చంద్రకాంత్ గోదావరికి అన్న, ఆశాకు భర్త. రామాయంపేటలో హైవే పక్కన జనరేటర్లు బాగుచేసేవాడు. రెండేళ్ళ కిందట ఒక ఏజెన్సీవాళ్ళు వచ్చి, పట్టికలో పదిహేడో నంబరు దేశంలో శాంతి ఒప్పందం అమలు చూసేవాళ్ళ క్యాంపులకు జనరేటర్లు నడిపే పని ఉందన్నారు. ఆ దేశం పేరు గోదావరి ఇప్పుడు పలకదు. మనసులో కూడా పదిహేడే అనుకుంటుంది. అప్పుడు మాత్రం అందరిలాగే పేరుతోనే మాట్లాడింది.

"నువ్వు గా దేశాల మీదనే గదా చెల్లె చదువుతున్నవు. పోవాల్నా, వద్దా?" అని అడిగాడు చంద్రకాంత్.

గోదావరి ల్యాప్‌టాప్ తిప్పి తన మూడో అధ్యాయంలోని గ్రాఫు చూపించింది. ఒప్పందం జరిగిన నెల దగ్గరనుంచి గీత కిందికి దిగింది. "నూటికి అరవై పాళ్ళు తగ్గింది అన్నా. ఇప్పుడు జర నిమ్మళంగనే ఉన్నది."

చంద్రకాంత్‌కు గ్రాఫు అర్థం కాలేదు. చెల్లెలి మీద నమ్మకం మాత్రం ఉంది. "నువ్వు చెప్తే ఇంకేంది" అని మర్నాడే పాస్‌పోర్టు ఫోటో దిగి వచ్చాడు.

నిరుడు మార్చి పదో తేదీ మధ్యాహ్నం రెండూ నలభైకి గోదావరి ఆ రోజుకు పన్నెండో వరుస రాసింది. పదిహేడో దేశం, ఉత్తర జిల్లా. ముందురోజు ఒక క్యాంపు వెనక షెడ్డు మీద డ్రోన్ దాడి, ఐదుగురు పనివాళ్ళ మృతి, ఒకరు విదేశీ మెకానిక్. వార్త చెప్పింది ఒక్క రేడియో. అదీ యుద్ధంలో ఒక పక్షంవాళ్ళది. కాబట్టి తక్కువలో తక్కువ సున్నా, నమ్మదగిన అంకె సున్నా, ఎక్కువలో ఎక్కువ ఐదు. అన్న ఉండేది దక్షిణాన, రాజధాని క్యాంపులో. ఆమెకు అనుమానం రావడానికి కారణమేమీ లేదు. పన్నెండు అయ్యాక పదమూడో వరుసకు పోయింది.

నాలుగు రోజుల తర్వాత ఆశా, ఫోను కలుస్తలేదని చెబుతూ చెబుతూ అసలు మాట బయటపెట్టింది. "పది దినాల కిందనే ఉత్తరం దిక్కు క్యాంపుకు మార్చిండ్రంట. నీకు చెప్పొద్దన్నడు, పరేషాన్ అయితవని."

గోదావరికి ఆ క్షణాన్నే తెలిసిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డదంటారు. పడ్డాక ఆ బల్లి ఏం చేసిందో సామెతలో లేదు. గోదావరి మాత్రం గదిలోకి పోయి నియమాల పుస్తకం తెరిచింది. ఉన్నది ఒకే ఆధారం. అదీ పక్షపాతం ఉన్నది. నియమం ప్రకారం చావు కాదు. నియమం ప్రకారం అన్న చావలేదు. ఆమె పుస్తకం మూసి, వంటింట్లోకి వచ్చి, వదినతో "టవర్లు పనిచేస్తలేవేమో" అంది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఒక పద్ధతి మొదలైంది. డ్యూటీ దిగి ఏడింటికి ఆశా మెట్లెక్కి వస్తుంది. గడపలో కూర్చుని బూట్ల లేసులు విప్పుతూ, తల ఎత్తకుండా అడుగుతుంది.

"ఏమన్న తెలిసిందా గోదావరీ?"

"లేదు వదినా."

పదకొండు నెలలు. ఈ మధ్యలో కలెక్టరాఫీసుకు అర్జీలు పోయాయి, ఎంబసీకి మెయిళ్ళు పోయాయి. ఆ క్యాంపు దగ్గర దాడి జరిగిందట గానీ ఎవరేమయ్యారో ధ్రువపడలేదు అన్న జవాబే అన్నివైపుల నుంచీ వచ్చింది. ఆశా రోజూ పొద్దున డిపోకు పోయే ముందు చంద్రకాంత్ నంబరుకు ఒక వాయిస్ మెసేజ్ పెట్టేది. తిన్నవా, బట్టలు ఉతుక్కుంటున్నవా, ఇక్కడ వాన పడ్డది. ఒకే టిక్కు పడి ఆగిపోయేది. పక్క గదిలో గోదావరి అన్నీ వినేది. విని అంకెలు వేసుకునేది. తనది అబద్ధం కాదని ఆమె నమ్మకం. అబద్ధం కాదు, నిజమే. కానీ అలాంటి నిజం కన్నా పచ్చి అబద్ధం నయం. ఆమెకు దుఃఖం రాలేదు. రావాలని తెలుసు. పన్ను పీకించుకున్నాక మత్తు దిగని చెంపను వేలితో నొక్కి చూసుకున్నట్టు, అప్పుడప్పుడు అన్న పేరు మనసులో అనుకుని చూసేది. ఏమీ తెలిసేది కాదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఏజెన్సీ నుంచి ఆశా మెయిలుకు ఉత్తరం వచ్చింది. డిపో దగ్గర జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చింది. ఇంగ్లిషు. గోదావరి చేతికిచ్చి ఎదురుగా నిలబడింది, బూట్లు కూడా విప్పకుండా.

గోదావరి తెలుగు చేసి చదివింది. "అంతర్జాతీయంగా పేరున్న యుద్ధ సమాచార పట్టిక ప్రకారం మార్చి తొమ్మిదిన క్యాంపు మీద జరిగిన దాడిలో ధ్రువపడిన మృతుల సంఖ్య సున్నా. కనుక మీ భర్త ఎవరికీ చెప్పకుండా పని విడిచి వెళ్ళిపోయినట్టుగా రికార్డులో నమోదు చేశాము."

కింద ఆ వరుస నంబరు కూడా ఇచ్చారు. నంబరు చివర నలభై ఒకటి. అది కోడర్ గుర్తు. నలభై ఒకటి అంటే గోదావరి. ఆ అంకె మాత్రం ఆమె పైకి చదవలేదు.

"ఇడిసిపెట్టి పోయిండంటనా?" అంది ఆశా. "పారిపోయిండంటరా నా మొగణ్ణి? రేపు డిపోల ఏమంటరు? అక్కడ ఇంకోదాన్ని చూసుకున్నడంటరు. అనరా?"

"అననీ వదినా."

"ఎందుకననియ్యాలె? గా పట్టిక రాసేటోడు ఎవడు? వాడు పోయి చూసిండా?"

"చూడడు. వార్తలు చదివి రాస్తరు."

"చూడనోడు సున్నా అని ఎట్ల రాసిండు మరి? నేను బస్సు ఎనక్కి పోకుంట, సీట్లు చూడకుంట, ఎవ్వరు లేరని రాస్తే నా నౌకరీ ఉంటదా?"

"ఆధారం సాల్లేదు గావచ్చు," అంది గోదావరి. ఆ మాట అంటుంటే తన గొంతు ఎవరిదో అయినట్టు వినిపించింది. ఆశా కాగితం లాక్కుని లోపలికి పోయింది.

పది రోజులకు బస్సులో ఒక మనిషి ఆశాను గుర్తుపట్టాడు. అల్లాదుర్గ్ మల్లేశ్, చంద్రకాంత్ ఉన్న క్యాంపులోనే వంటమనిషి. ఖాకీ చొక్కాలో ఉన్న భార్య ఫోటోను చంద్రకాంత్ క్యాంపులో అందరికీ చూపించేవాడట. "అక్కా, మీరు చంద్రన్న ఇంటామె గదా" అన్నాడు టికెట్ తీసుకుంటూ. ఆశా చెయ్యి మిషన్ మీద ఆగింది. కానీ ఇంకో పద్నాలుగు మందికి టికెట్లు కొట్టాలి. "ఐతారం ఇంటికి రా తమ్మీ. చౌరస్తా కాడికొచ్చి కండక్టరమ్మ ఇల్లంటే చెప్తరు" అని ముందుకు పోయింది. అప్పుడేమీ అడగలేదు. ఇంటికొచ్చి గోదావరితో, "నువ్వు అడుగు. నాతోని గాదు. నీకు అడుగుడు వస్తది" అంది.

ఆదివారం పదకొండింటికి మల్లేశ్ వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు, ఇచ్చిన టీ తాగలేదు. ఆశా కింద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. గోదావరి నోటుపుస్తకం తెచ్చుకుంది. సాక్షులను అడగడానికి సంస్థవాళ్ళు ఇచ్చిన ప్రశ్నల వరుస ఒకటుంది. ఇన్నేళ్ళలో వాటిని అప్పుడప్పుడు ఫోన్లో దూరదేశాల మనుషులను అడిగిందే తప్ప ఎదుట కూర్చోబెట్టి ఎవరినీ అడగలేదు.

"తారీఖు గుర్తున్నదా?"

"మార్చి తొమ్మిది మేడం. ఆదివారం."

"మీరు స్వయంగ చూసిండ్రా, ఎవరన్న చెప్తే విన్నరా?"

"వంటకాడనే ఉన్న. షెడ్డు నాకు ఎదురుంగనే."

"ఎంత దూరం?"

"ఇక్కడికెల్లి చౌరస్తా ఉండదా, గంత."

గోదావరి నూట యాభై మీటర్లు అని రాసుకుంది. "ఎంతమంది?"

"ఐదుగురు." నలుగురి పేర్లు చెప్పాడు. క్యాంపులో పిలిచే పేర్లే, అసలు పేర్లు అతనికి తెలియవు. ఐదో పేరు దగ్గర ఆగి ఆశా వైపు చూశాడు. ఆశా చిక్కుడుకాయ మీద నుంచి చూపు తీయలేదు. "చంద్రన్న," అన్నాడు.

గోదావరి రాసుకుంది. తర్వాతి ప్రశ్న దానంతటదే నోటికి వచ్చింది. "ఎంత గట్టిగ చెప్పగల్గుతరు? ఒకటికెల్లి ఐదు దాకా ఒక నంబరు..."

"గోదావరీ!" అంది ఆశా.

మల్లేశ్ అర్థం కాక ఇద్దరినీ చూశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "మేడం, నేనే ఎత్తిన. కాళ్ళ దిక్కు నేను పట్టుకున్న. ఎండ మస్తుగుండె, ఆపనీకి రాకపాయె. నీళ్ళ ట్యాంకు ఎనక ఐదుగురిని ఒక్కకాడనే పెట్టినం. నా తువ్వాల కప్పిన."

గోదావరి ఆ గడిలో ఐదు వేసింది.

అదే సాయంత్రం క్యాంపువాళ్ళు అందరి ఫోన్లూ తీసేసుకున్నారని, మిగిలినవాళ్ళను వేరే చోటికి మార్చారని, ఎవరికీ చెప్పొద్దని సంతకాలు పెట్టించుకున్నారని మల్లేశ్ చెప్పాడు. ఊరికొచ్చి ఇరవై రోజులైంది. రెండుసార్లు మెదక్ బస్టాండు దాకా వచ్చి, అక్కడే కూర్చుని, మళ్ళీ అల్లాదుర్గ్ బస్సెక్కి వెళ్ళిపోయాడు. "ఏం మొఖం పెట్టుకొని రావాలె అక్కా," అన్నాడు.

ఆశా ఒకే ఒక్క మాట అడిగింది. "ఆనాడు తిన్నడా?"

"తిన్నడక్కా. పొద్దుగాల ఉప్మా చేసిన. రెండుసార్లు పెట్టించుకున్నడు."

ఆశా తల ఊపింది. అతన్ని మెట్లదాకా సాగనంపి వచ్చింది. వచ్చి మళ్ళీ చిక్కుడుకాయల ముందే కూర్చుంది కానీ చేతులు కదలలేదు. అప్పుడు అడిగింది, "గా సున్నా పెట్టినోనికి ఇప్పుడు చెప్పొచ్చా? మల్లేశ్ కండ్లార చూసిండు గదా. దిద్దుతడా?"

గోదావరికి అడ్డం పెట్టుకోవడానికి ఇంకో నియమం ఏదైనా ఉంటే బాగుండుననిపించింది. నూట నలభై పేజీల్లో ఎక్కడా లేదు.

"పెట్టింది నేనే వదినా."

ల్యాప్‌టాప్ తెచ్చి వరుస తెరిచి వదిన ముందు పెట్టింది. ఆశా ఇంగ్లిషు అంత బాగా చదవలేదు కానీ తేదీలూ అంకెలూ ఆమె వృత్తి. దాడి తేదీ మార్చి తొమ్మిది. రాసిన తేదీ మార్చి పది. రాసినవాళ్ళు నలభై ఒకటి. ఉత్తరం తెచ్చి పక్కన పెట్టుకుని నంబరు వేలితో సరిచూసుకుంది.

"అన్ననే అని నీకు ఎప్పుడు తెలిసింది?"

"పద్నాలుగు తారీఖు. క్యాంపు మారిండని నువ్వు చెప్పినప్పుడు."

"రోజూ అడిగిన గదనే."

"రెండో ఆధారం దొరకలేదు వదినా."

"నేను నిన్ను ఆధారం అడిగిన్నా?" ఆశా గొంతు పెరగలేదు. బస్సులో చిల్లర లేదని చెప్పినంత మామూలుగా ఉంది. "ఏమన్న తెలిసిందా అని అడిగిన. మూడు నూర్ల రోజులు అడిగిన. నువ్వు లేదన్నవు."

గోదావరి ల్యాప్‌టాప్ మూత దించింది.

"మూడొద్దులు చెయ్యకపోతిమి. పిట్టకు పెట్టకపోతిమి. మైల పట్టాల్సిన పది దినాలు నేను నవ్వుకుంట డ్యూటీ చేసిన." ఆశా వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. "యాడాదికి ఇంక ఇరవై దినాలున్నది. నీ పుణ్యాన యాడాదన్న అందింది."

చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది. గోదావరి అక్కడే కూర్చుని ఏడవడానికి ప్రయత్నించింది. ఎవరైనా చూస్తే నవ్వుతారు, మనిషి ఏడవడానికి ప్రయత్నించడమేమిటని. కానీ నిజంగానే ప్రయత్నించింది. రాలేదు.

సోమవారం పొద్దున దిద్దుబాటు ఫారం నింపింది. సాక్షి వివరాలు, చోటు, చూసిన దూరం అన్నీ రాసింది. చివర ఒక గడి ఉంది: మృతుల్లో ఎవరితోనైనా కోడర్‌కు బంధుత్వం ఉందా? ఉందని రాసి, చెల్లెలు అని రాసింది. గంటలో పై అధికారిణి నుంచి జవాబొచ్చింది. ముందు సానుభూతి, నాలుగు మంచి మాటలు. తర్వాత సంగతి. బంధువు తీసుకున్న వాంగ్మూలం స్వతంత్రమైన ఆధారం కాదు. వేరే కోడర్ మళ్ళీ పరిశీలిస్తారు, ఆరు వారాలు పట్టవచ్చు, అంతవరకు పట్టికలో ఉన్న అంకె అలాగే ఉంటుంది. తప్పుపట్టడానికేమీ లేదు. ఆ కుర్చీలో గోదావరి ఉన్నా అదే రాసేది. పదకొండు నెలలుగా వదినకు చెప్పింది కూడా అదేనని ఆ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు తెలిసింది.

సాయంత్రం ఏడింటికి ఆశా మెట్లెక్కి వచ్చింది. గడపలో కూర్చుని లేసులు విప్పింది. గోదావరి ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది. ఆశా రెండు బూట్లూ గోడవారగా పెట్టి, కాళ్ళు కడుక్కుని, లోపలికి పోయింది. ప్రశ్న రాలేదు. ఇంట్లో ఇంకెప్పుడూ రాదు.

గోదావరి ల్యాప్‌టాప్ తెరిచింది. ఏజెన్సీకి ఉత్తరం రాసింది. ఇంగ్లిషులో ఒకటి, వదిన చదువుకోవడానికి తెలుగులో ఒకటి. థీసిస్‌లో ఒక్క వాక్యం కోసం వారం తీసుకునే మనిషి ఇది పావుగంటలో ముగించింది. 'మీరు చూపిన సున్నా వేసినది నేను. నా కోడర్ నంబరు నలభై ఒకటి. సున్నా అంటే ఎవరూ చావలేదని కాదు. నేను ఇంకా ఒప్పుకోలేదని. చంద్రకాంత్ మార్చి తొమ్మిదిన పని చేసే చోట చనిపోయాడు. పారిపోలేదు. పూడ్చినవాడు సాక్షి. ఈ మాట నేను ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి చెబుతాను.' కింద తన పూర్తి పేరు పెట్టింది. కోడర్లు తమ పేర్లు బయటపెట్టరాదని ఒప్పందం. పెడితే పని పోతుంది, పట్టిక వాడుకునే హక్కు పోతుంది, దాంతో ఐదేళ్ళ థీసిస్ కూడా. అవన్నీ ఆమెకు తెలుసు. తెలిసే పెట్టింది, ఇంగ్లిషుది ఏజెన్సీకి మెయిల్లో పంపింది. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు.

మంగళవారం ఆమె లేచేసరికే ఆశా వెళ్ళిపోయింది. జిరాక్సు షాపులో రెండు ఉత్తరాలూ ప్రింటు తీయించుకుని, గోదావరి తొమ్మిదింటి ట్రిప్పుకు బస్టాండులో రామాయంపేట బస్సెక్కింది. మధ్యలో ఒక ముసలమ్మ పక్కన చోటు దొరికింది. ముసలమ్మ ఒళ్ళో చింతపండు సంచి.

ఆశా టికెట్లు కొట్టుకుంటూ వచ్చింది. ఆగింది. "ఎక్కడికి?"

"రామాయంపేట."

"కార్డు చూపెట్టు."

గోదావరి ఆధార్ కార్డు చూపించింది. ఆశా అందరి కార్డులూ చూసినట్టే చూసి, జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. టికెట్ అందుకుంటూ గోదావరి కాగితాలు అందించింది. ఆశా నిలబడే తెలుగు కాగితం మొదటి వాక్యం చదివింది. చివరి వాక్యం చదివింది. రెండూ కలిపి మడిచి, డ్యూటీ బ్యాగు లోపలి జిప్పులో పెట్టుకుంది. "టికెట్, టికెట్" అంటూ వెనక్కి పోయింది.

ఊరు దాటింది. కిటికీలోంచి వరి మళ్ళు, మళ్ళలో కొంగలు. ముసలమ్మ గోదావరిని ఎగాదిగా చూసింది.

"ఏమైంది బిడ్డా? మొఖం గట్ల పెట్టినవ్. పానం బాగలేదా? దవాఖానకా?"

"కాదమ్మా." గోదావరి ఆగింది. ఈ మాట పదకొండు నెలలుగా కనీసం లోపల కూడా ఈ వరసలో పెట్టుకోలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. "మా అన్న సచ్చిపోయిండు."

అప్పటికి స్టేజీ దాటింది. ఆశా డ్రైవరు వెనక సీటు దగ్గర లెక్క మొదలుపెట్టి, కమ్మీల మీద చెయ్యి ఆనిస్తూ ఇటే వస్తోంది. "పద్నాలుగు, పదిహేను, పదహారు..."

"ఏందీ? బండి సప్పుడుకు ఇనవడతలేదు," అంది ముసలమ్మ చెవి దగ్గరికి తెచ్చి.

గోదావరి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "మా అన్న సచ్చిపోయిండమ్మా!"

బస్సులో చాలామంది తిరిగి చూశారు. గోదావరికి పదకొండు నెలల మత్తు ఒక్కసారిగా దిగి నొప్పి మొదలైంది. ముసలమ్మ "అయ్యో నా బిడ్డా" అంటూ సంచి పక్కన పెట్టి ఆమె తల తన భుజానికి వేసుకుంది. "ఎన్నడు బిడ్డా? ఎన్నొద్దులైంది?"

గోదావరి ఆ భుజానికి ఆనుకుని ఏడుస్తోంది.

"మార్చి తొమ్మిది," అంది ఆశా.

వాళ్ళ సీటు కమ్మీ మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆ తర్వాతి అంకె కోసం పెదవులు కదిపింది. అంకె రాలేదు. ఎంతదాకా వచ్చిందో ఆమెకు గుర్తులేదు. డ్రైవరు అద్దంలోంచి ఆశ్చర్యంగా చూశాడు.

ఆశా చొక్కా చేతితో మొహం తుడుచుకుంది. తిరిగి డ్రైవరు వెనక సీటు దాకా నడిచి, కమ్మీ మీద చెయ్యి వేసి, ఒకటి అంది. అది ఎవరికీ వినిపించలేదు. మళ్ళీ ఒకటి అంది.